యంత్రం చెప్పింది నిజమే, నేను విన్నదే తప్పు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముప్పై సంవత్సరాలుగా కర్మాగారంలో యంత్రాల లోపాలను వెదకి సరిచేయడమే వృత్తిగా గల ఈ వ్యాస రచయిత రచ్చ సంగతి ఎలా ఉన్నా, గడచిన వేసవిలో ఇంట మాత్రం మూడు వారాలపాటు ఓడిపోయాడు. ఓడించినది మా స్నానాల గదిలో కొత్తగా అమర్చిన వాషింగ్ మెషీన్. ఆ ఓటమిలో నా తోటి ఉద్యోగులకు పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నదని తోచి, కొంత సిగ్గుపడుతూనే ఈ వృత్తాంతాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

మా పేట, మా నీళ్ళు

మేముండేది క్యాంప్ 2లో. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించేనాటికి భిలాయిలో పనివారి కోసం వెలసిన శిబిరాల పేరే నేటికీ మా పేటకు మిగిలి ఉన్నది. శిబిరాలు పోయి ఇళ్ళు వచ్చాయి. శ్రీకాకుళం ప్రాంతం నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడి మూడవ తరాన్ని చూస్తున్నాయి.

మే నెలలో ఇక్కడి ఎండ సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఉదయం కుళాయి వచ్చిన కాసేపట్లో పట్టుకున్న నీటిని చిన్న మోటారుతో డాబా మీది 500 లీటర్ల ట్యాంకుకు ఎక్కించుకుంటాము. వంటకు, స్నానాలకు, కూలరుకు, బట్టలకు రోజంతా ఆ నీరే ఆధారం. అటువంటి ఇంట్లో ట్యాంకు అకారణంగా ఖాళీ అయితే అది సామాన్యమైన విషయం కాదు.

లోపం బయటపడిన తీరు

ఏప్రిల్ చివరలో యంత్రం వచ్చింది. మా వీధిలోనే ఉండే యువ ప్లంబరు మేడమీది స్నానాల గదిలోకి కొత్త లైను వేసి, కుళాయి బిగించి వెళ్ళాడు. వారం రోజులు యంత్రం చక్కగా పనిచేసింది. రెండవ వారంలో మొదలైంది తంటా. యంత్రంలోకి నీరు వస్తున్న చప్పుడు వినపడేది. పది నిమిషాలు గడిచేసరికి యంత్రం ఆగిపోయి, నీరు రావడం లేదని తెలిపే సంకేతాన్ని తెరమీద చూపించేది. మళ్ళీ మీట నొక్కితే మళ్ళీ అదే వరుస. నాలుగైదుసార్లు ప్రయత్నించి విసిగిపోయేసరికి ట్యాంకులో నీరు అడుగంటేది. గది నేల మీద మాత్రం చుక్క తడి ఉండేది కాదు.

నీరు రావడం లేదని యంత్రమే చెబుతున్నప్పుడు ఇక సందేహమెందుకు? ట్యాంకు అడుగు యంత్రం కంటే సుమారు మూడున్నర మీటర్ల ఎత్తున ఉన్నది. పది మీటర్ల నీటి ఎత్తుకు సుమారు ఒక వాతావరణ పీడనం వస్తుంది కనుక మాకు లభించేది అందులో మూడవ వంతు మాత్రమే. ఒత్తిడి చాలడం లేదని, ప్లంబరు సన్న గొట్టం వేసి పని పాడుచేశాడని తీర్మానించాను. అతడు వచ్చి, కుళాయి విప్పి, జల్లెడ కడిగి, చేతిలో నీరు పట్టి చూపించాడు.

"నీళ్ళు బాగానే వస్తన్నాయి బాబూ. ఎక్కడికి పోతన్నాయో సూడండి" అన్నాడు.

ఆ మాటను నేను చెవిని పెట్టలేదు. పైగా, పని సరిగా చేసిన రోజున ఇస్తానని అతనికి రావలసిన కూలిలో 700 రూపాయలు నిలిపివేశాను. వీధిలో నలుగురూ వింటుండగా ఆ మాట అన్నాను. మారు పలకకుండా పనిముట్లు సర్దుకొని వెళ్ళిపోయాడు.

వాన కురిస్తే పనిచేసే యంత్రం

తరువాత మెకానిక్కును పిలిపించాను. అతడు యంత్రాన్ని ముందుకు లాగి, వెనుక గొట్టాలు విప్పి, తనకు అనువుగా అమర్చి నడిపిస్తే యంత్రం బుద్ధిగా పనిచేసింది. అతడు వెళ్ళిన మర్నాడు మళ్ళీ మొరాయించింది. రెండవసారి పిలిచినా ఇదే తంతు. వైద్యుణ్ణి చూడగానే జ్వరం తగ్గే రోగి వలె ఉన్నది దాని వ్యవహారం.

ఇంతలో మరొక వింత గమనించాము. ఆ నెలలో రెండు రోజులు గాలిదుమారం లేచి వాన కురిసింది. ఆ రెండు రోజులూ యంత్రం ఏ ఆటంకమూ లేకుండా పనిచేసింది. ఇంజనీరు బుర్ర ఊరుకుంటుందా? వాన పడితే పేటలో కూలర్లు ఆగుతాయి. కూలర్లు ఆగితే వోల్టేజి పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే నీటిని వదిలే వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. ఎంత సొగసైన సిద్ధాంతం! మర్నాడే స్టెబిలైజరు కొని తెచ్చాను. ఫలితం శూన్యం. సిద్ధాంతం సొగసుగా ఉన్నంత మాత్రాన సత్యం కానక్కరలేదని ఈ వయస్సులో మరొకసారి తెలుసుకున్నాను.

లెక్క చెప్పిన రహస్యం

ఆ ఆదివారం, విసుగును పక్కనపెట్టి, కర్మాగారంలో చేసే పనే ఇంట్లోనూ చేశాను. ఏ విభాగంలోనైనా మొదట వేసేది జమాఖర్చుల పద్దు. లోపలికి వచ్చినది ఎంత, బయటికి పోయినది ఎంత, లోపల నిలిచినది ఎంత? ఈ మూడూ సరిపోవాలి.

నీరు వచ్చే గొట్టాన్ని యంత్రం నుండి విప్పి 18 లీటర్ల బకెట్టులో పెట్టాను. మూడు నిమిషాలకు నిండింది. అనగా నిమిషానికి 6 లీటర్లు. మళ్ళీ బిగించి యంత్రాన్ని నడిపాను. సంకేతం చూపే లోపల పది నిమిషాలు నీరు తీసుకున్నది కనుక 60 లీటర్లు లోపలికి పోయి ఉండాలి. గాజు తలుపులోంచి చూస్తే బట్టలు తడిసి ఉన్నాయే తప్ప నీరు నిలిచిన జాడ లేదు. మరి ఆ 60 లీటర్లు ఏమైనట్లు?

సరిగ్గా అప్పుడు పెరటిలో నుండి మా శ్రీమతి కేక వేసింది. "ఏమండీ, యంత్రం ఇంకా ఉతకనే లేదు కదా, అరటిచెట్టు పాదులోకి నీళ్ళెలా వస్తున్నాయి?"

కిటికీలోంచి తొంగిచూశాను. మురుగునీటిని తోడే పంపు చప్పుడైనా లేదు. గొట్టం చివర నుండి నీరు ధారగా పోతూనే ఉన్నది.

ఆ గొట్టం నా ఘనకార్యమే. ఉతికిన నీరు వృథా పోకూడదని రెండవ వారంలో నేనే యంత్రం మురుగు గొట్టాన్ని వెనుకనున్న కొక్కెం నుండి తీసి, దానికి తోటగొట్టం తగిలించి, నేలబారుగా ఉన్న తూము గుండా పెరటిలోకి దింపాను. ఇరుగుపొరుగు వారికి గొప్పగా చూపించాను కూడా. వచ్చే నీటి గురించి యంత్రం ఫిర్యాదు చేస్తుంటే, పోయే నీటి గొట్టంతో దానికి సంబంధముంటుందని నాకు తోచనేలేదు.

అలుగు లేని చెరువు

మా ఇంటిది ముందు తలుపు తెరిచే రకం యంత్రం. దాని అడుగున ఉన్న పంపు తిరిగినప్పుడు నీటిని తోడుతుంది. తిరగనప్పుడు దారిని మూసివేయదు. లోపలి నీటిని ఆపేది గొట్టం ఎత్తు మాత్రమే. చెరువుకు అలుగు ఎలాంటిదో ఈ యంత్రానికి కొక్కెం మీది గొట్టం వంపు అలాంటిది. నీరు ఆ ఎత్తుకు చేరదు కనుక పంపు తోడేవరకు లోపలే నిలుస్తుంది. నేను గొట్టాన్ని నేలకు దించి అలుగును తెగగొట్టాను. వచ్చిన నీరు వచ్చినట్లే పెరటికి పోయింది. నియమిత కాలంలో మట్టం పెరగకపోయేసరికి, నీరు రావడం లేదని యంత్రం భావించింది. దానికి తెలిసినది మట్టం ఒక్కటే. కారణం వెదకవలసినది మనిషి.

తక్కిన చిక్కుముడులన్నీ వాటంతట అవే విడిపోయాయి. మెకానిక్కు తోటగొట్టం ఊడదీసి, మురుగు గొట్టాన్ని కొక్కేనికి తగిలించి పరీక్షించేవాడు. అతడు వెళ్ళగానే నేను తిరిగి పెరటిలోకి దింపేవాడిని. వాన పడిన రోజున చెట్టుకు నీరు అక్కరలేదని మా శ్రీమతి గొట్టాన్ని కొక్కేనికి తగిలించేది. వోల్టేజికి ఇందులో ఏ పాత్రా లేదు.

అయినా ఒక్కసారి పనిచేస్తే చాలదని, గొట్టాన్ని కొక్కేనికెత్తి చూశాను. మూడు నిమిషాలలో కావలసిన నీరు చేరి యంత్రం తిరిగింది. మళ్ళీ దించి చూశాను. పాత లోపం తిరిగివచ్చింది. మళ్ళీ ఎత్తాను, పోయింది. అప్పుడే కారణం దొరికినట్లు ఒప్పుకున్నాను.

బాకీ తీర్చడం

ఆ సాయంత్రమే ప్లంబరు ఇంటికి వెళ్ళి 700 రూపాయలు చేతిలో పెట్టాను. వీధిలో అన్న మాటను వీధిలోనే వెనక్కి తీసుకోవాలి కనుక, అరుగు మీద పదిమంది ఉండగానే తప్పు నాదని చెప్పాను. అతడు తల వంచుకొని, "పోన్లెండి బాబూ, అరటిచెట్టైనా బతికింది" అన్నాడు.

మర్నాడు అతనే వచ్చి శాశ్వతమైన ఏర్పాటు చేశాడు. కొక్కెం ఎత్తు నుండి మొదలయ్యే లావుపాటి గొట్టాన్ని గోడ వెంట పెరటిలోకి దింపాడు. యంత్రం గొట్టం చివరను దాని నోటిలో వదులుగా ఉంచాడు. చుట్టూ గాలి ఆడేలా సందు విడవడం ముఖ్యం. బిగించి మూసివేస్తే గొట్టం ఎత్తున ఉన్నా పంపు తోడిన ధార వెంట నీరు లాక్కుపోయే ప్రమాదముంటుంది. ఇప్పుడు బట్టలూ ఉతుకుతున్నాము, చివరిసారి జాడించిన నీటితో చెట్టునూ పోషిస్తున్నాము.

ఈ అనుభవం నుండి గ్రహించినవి మూడు. మొదటిది, యంత్రం చూపే సంకేతం అది గమనించిన ఫలితాన్ని తెలుపుతుందే గాని కారణాన్ని కాదు. రెండవది, విడిభాగం మార్చే ముందు జమాఖర్చుల లెక్క చూడాలి; ఒక బకెట్టు, ఒక గడియారం చాలు. మూడవది, లోపం తలెత్తడానికి ముందు మార్పు చేసినవారెవరని విచారించేటప్పుడు ఆ జాబితాలో మన పేరును మొట్టమొదట వ్రాసుకోవాలి.

షాపు ఫ్లోరులో ఏ కార్మికుడైనా "నీళ్ళు ఎక్కడికి పోతన్నాయో సూడండి" వంటి మాట అన్నప్పుడు, అన్నవాని హోదా చూడకుండా ఒక్క నిమిషం ఆగి వినమని తోటి ఇంజనీర్లకు నా మనవి. నేను వినని ఫలితం మూడు వారాల నీరు, ఒక స్టెబిలైజరు, ఒక మంచి పనివాని మనసుకు తగిలిన గాయం.