మన ఖోలీలో నేల మీద ఏం పరుచుకుందాం?

నిరుడు వానలు మొదలయ్యే ముందు మా ఖోలీలోకి ఒక కార్పెట్ వచ్చింది. మనవడు అప్పుడే పాకడం నేర్చాడు. గచ్చు చల్లగా ఉంటుందని నా ఆరాటం. దుకాణం అతను "అసలు ఊలు, చేయి పెట్టి చూడు మావషీ" అన్నాడు. చేయి పెడితే మెత్తగానే ఉంది. 2,400 రూపాయలు ఇచ్చి తెచ్చాను. అమ్మ పెళ్లినాటి సత్రంజీని మడిచి పోటమాలా మీదికి ఎక్కించాను.

నాయిన మంచం మీద నుంచే చూసి, "ఇది ఊలు కాదు బిడ్డా" అన్నాడు. నేను వినలేదు. ముసలాయనకు కొత్తది ఏది తెచ్చినా వంకే అనుకున్నాను.

మాది కింది అంతస్తు. జులైలో ఒక రాత్రి గల్లీలో నీళ్లు నిలిచి గడప దాటి లోపలికి వచ్చాయి. పొద్దున నేల తుడిచాం, సామాను ఆరబెట్టాం. కార్పెట్ మాత్రం నాలుగు రోజులైనా ఆరలేదు. పైన చేయి పెడితే పొడిగానే ఉంది, కింద తడి. ఐదో రోజుకు ముక్క వాసన. నాయినకు దమ్ము ఎక్కువైంది, రాత్రంతా కూర్చునే ఉన్నాడు. మనవడికి దగ్గు పట్టింది. డాక్టరమ్మ ఇద్దరి ఛాతీలూ చూసి మందు రాయక ముందే ఒక మాట అడిగింది: "ఇంట్లో నేల మీద తడిది ఏమన్నా ఉందా?"

ఇంటికి వచ్చాక నాయిన కార్పెట్ అంచు నుంచి ఒక పోగు లాగమన్నాడు. గిన్నెలో సబ్బునీళ్లు పోసి పోగును వేలితో ముంచి వదిలితే మళ్లీ పైకి తేలింది. ఎన్నిసార్లు ముంచినా అంతే. ఇంకో పోగును చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాడు. అది కరిగి బొట్టుగా కారింది, మైనం వాసన వచ్చింది.

"ఊలైతే వెంట్రుక కాలిన వాసన రావాలె. మంట తీస్తే ఆరిపోవాలె. పత్తైతే కాయిదం కాలినట్టు వాసన, మెత్తటి బూడిద. ఇది పాలీప్రొపిలీన్. గోనెసంచుల ప్లాస్టిక్ లేదా, గదే."

నాయిన 1966లో మిల్లులో కార్డింగ్ ఖాతాలో చేరాడు. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు రెండున్నర లక్షల మందితో పాటు బయటికి వచ్చాడు, మళ్లీ లోపలికి పోలేదు. పదహారేళ్లలో దారం చూసి గుర్తుపట్టడం ఆయన చేతికి వచ్చింది. పత్తి దుమ్ము ఆయన ఊపిరికి వచ్చింది. సోమవారం పనికి పోగానే ఛాతీ బిగుసుకుపోయే ఆ జబ్బు మన ఇండ్లలో చాలామందికి తెలిసిందే.

అందుకే నేను అడిగాను: "మరి నేల మీద ఏం వేద్దాం నాయినా?"

"పత్తే వెయ్యి" అన్నాడు. "నా ఊపిరి తిన్నది కార్డింగ్‌ల లేచే పచ్చి దుమ్ము. నేసి, ఉతికిన సత్రంజీల గది ఉండదు."

ఏ దారం ఏం చేస్తుంది

ఆ తర్వాత నాయిన చెప్పినవి, నేను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీల నుంచి 500 అడుగుల ఇండ్లకు మారుతున్న మనవాళ్లు కూడా కార్పెట్లు కొంటున్నారు. వాళ్లకూ పనికొస్తుంది.

మొదట తేమ సంగతి. మామూలు గాలిలోనే 100 గ్రాముల పత్తి 8 గ్రాముల దాకా తేమ పీల్చుకుంటుంది. ఊలు 15 గ్రాముల పైనే. నైలాన్ 4 గ్రాములు. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. పాలీప్రొపిలీన్ దాదాపు సున్నా. మరి నీళ్లు తాగని దారంతో చేసిన నా కార్పెట్ ఎందుకు ఆరలేదు? దారం తాగలేదు, దాని అడుగున జిగురుతో అంటించిన జనపనార గుడ్డ తాగింది. కొనేటప్పుడు మనం పైభాగం నిమురుతాం, తిరగేసి చూడం. నేను చేసిన తప్పు అదే.

పత్తి: తడిస్తే బలం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. అందుకే మోరీ దగ్గర బండకేసి బాదినా తట్టుకుంటుంది. ఎండలో తొందరగా ఆరుతుంది, వానకాలం ఆలస్యం. మరకలు పడతాయి, కానీ ఉతికితే చాలావరకు పోతాయి. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో ఒకటి తెప్పించుకోవచ్చు.

ఊలు: అడుగులు పడి అణిగినా మళ్లీ లేస్తుంది, తొందరగా అంటుకోదు. ఏలూరు కార్పెట్లు ఊలువే. కానీ ఖరీదు ఎక్కువ, పురుగు కొడుతుంది, ఇంట్లో ఉతకలేం. పెద్ద ఇల్లు, తక్కువ తడి ఉన్నవాళ్లకు మంచిది.

నైలాన్: అరుగుదలకు అన్నిటికన్నా గట్టిది. పదిమంది నడిచే చోట ఇదే నిలుస్తుంది. చాయ్, పసుపు ఒలికితే మాత్రం వెంటనే తుడవాలి.

పాలిస్టర్: మరక తొందరగా పట్టదు, రంగు బాగుంటుంది. కానీ నడిచే దారిలో అణిగిపోయి అక్కడే చాళ్లు పడుతుంది.

పాలీప్రొపిలీన్: చవక. నీటి మరక పట్టదు, నూనె మరక పడితే వదలదు. 165 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అంటే పొయ్యి మీద నుంచి దించిన పెనం గానీ, అగరుబత్తి నిప్పు గానీ దానికి చాలు. కార్పెట్‌గా కాక, అల్లిన ప్లాస్టిక్ చాపగా అయితే బయట వరండాకు బాగుంటుంది. తుడిచి నిలబెడితే ఆరిపోతుంది.

జనపనార: చూడ్డానికి అందం, తడిస్తే బలం పోతుంది, వాసన వస్తుంది. మోరీ ఉన్న ఖోలీకి వద్దు. కొబ్బరి పీచు మాత్రం గడప దగ్గర పెట్టండి. చెప్పుల మట్టిని గీకి బయటే ఆపుతుంది.

కొనే ముందు

ముందు తిరగేసి చూడండి. అడుగున జిగురు ఉంటే వేలితో గీకండి. పొడి రాలితే వద్దు.

ఒక పోగు అడగండి. ఇవ్వనంటే అక్కడే అర్థం చేసుకోండి. నీళ్లలో తేలితే పాలీప్రొపిలీన్. కాల్చి చూసేటప్పుడు చిమటాతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టుకోండి. పిల్లలు దగ్గర ఉండొద్దు.

మీ ఇంట్లో ఒక్క మనిషి ఎత్తి, ఉతికి, తాడు మీద వేయలేనిది కొనొద్దు. ఒకే ఖోలీలో వండి, తిని, పడుకునేవాళ్లం మనం. ఏది పరిచినా రోజూ ఎత్తి దులపాలి, దాని కింద నేల తుడవాలి. పెద్దది ఒకటి కన్నా చిన్నవి రెండు మేలు. ఒకటి ఆరేలోపు ఇంకోటి పరుచుకోవచ్చు.

పొయ్యి దగ్గర ఏదీ పరచొద్దు. పత్తి కరగదు గానీ అంటుకుంటుంది.

ఇంట్లో దమ్ము ఉన్నవాళ్లో, పసిపిల్లలో ఉంటే పొడుగు కుచ్చుల కార్పెట్ అసలే వద్దు. దుమ్ము లోపల దాగుతుంది, తడి తగిలితే బూజు పడుతుంది.

నా కార్పెట్‌ను చెత్తబండికి ఇచ్చేశాను. 2,400 పోయాయి. అమ్మ సత్రంజీ మళ్లీ కిందికి దిగింది. అంచు ఒకచోట చిరిగి ఉంటే పాత చీర ముక్కతో పట్టీ వేశాను. మనవడు ఇప్పుడు దాని మీదే లేచి నిలబడి నడుస్తున్నాడు. నాయిన దమ్ము పూర్తిగా పోలేదు, అది పోయేది కాదు. కానీ రాత్రి పడుకుంటున్నాడు.

కొత్తది కొనాలని ఎవరికైనా ఉంటే ఒక పోగు పట్టుకుని మా ఖోలీకి రండి. నాయిన మంచం మీదే ఉంటాడు. చూసి చెప్తాడు. ఆయనకూ కాలక్షేపం.