మాతృభాష గడిలో ఏమి వ్రాయవలెను?

పిల్లలను బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో ‘మాతృభాష’ అని ఒక గడి ఉంటుంది. తెలుగు అని వ్రాస్తే సీటు దొరకదేమోనన్న సంశయంతో మన పీణ్యలో కొందరు కన్నడమనో, ఇంగ్లీషనో వ్రాసి ఊరుకోవడం మేమెరుగుదుము. ఈ సంశయానికి న్యాయస్థానం ఏనాడో సమాధానం చెప్పినది.

ఒకటి మొదలు నాలుగు తరగతుల వరకు చదువు మాతృభాషలోగాని, కన్నడంలోగాని జరగవలెనని కర్ణాటక ప్రభుత్వం 1994లో ఉత్తర్వు చేసినది. పసిబిడ్డకు తల్లి పలుకులలో చెప్పిన పాఠమే బాగా పట్టుబడుతుందన్నది సదుద్దేశమే. కాని దగ్గరలో తెలుగు బడి లేని పిల్లవానికి కన్నడ మీడియమే గతి. ప్రయివేటు బడుల యాజమాన్యాలు కోర్టుకెక్కగా, సర్కారు సహాయం పొందని బడులకు ఈ నిర్బంధం చెల్లదని 2008 జూలైలో హైకోర్టు తీర్పు చెప్పినది. 2014 మే 6న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పునే ఖాయం చేసినది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసినవారు తల్లిదండ్రులేననీ, బోధనాభాషను ఎంచుకోవడం వాక్స్వాతంత్ర్యంలో భాగమనీ స్పష్టపరచినది.

తెలుగునాట కథ ఇందుకు తలక్రిందులు. ప్రభుత్వ బడులలో ఒకటి నుండి ఆరు తరగతులను ఇంగ్లీషు మీడియంగా మార్చవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఉత్తర్వులిచ్చినది. 2020 ఏప్రిల్ 15న అక్కడి హైకోర్టు వాటిని కొట్టివేసినది. ఇక్కడ మాతృభాష కోసమైనా, అక్కడ ఇంగ్లీషు కోసమైనా బలవంతం పనికిరాదన్నదే ఉభయ తీర్పుల సారాంశం.

అంతమాత్రాన కన్నడం నేర్వనక్కరలేదని పొరబడరాదు. మీడియం వేరు, ఒక భాషగా నేర్చుకోవడం వేరు. బడులలో కన్నడం నేర్పవలెనని 2015లో ఇక్కడ చట్టమే చేశారు. చట్టం లేకపోయినా మనకు అన్నం పెట్టిన నేల భాష నేర్వడం మన ధర్మం.

ఇక మన తెలుగు సంగతి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించ యత్నించవలెనని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. కాని ఆ గడిలో తెలుగు అని వ్రాసిన పిల్లలే లేకపోతే, తెలుగు పంతులు కావలెనని అడగడానికి మనకు ఆధారమేమున్నది? మీడియం ఏదైనా ఎంచుకోండి. గడిలో మాత్రం ఉన్నమాట వ్రాయండి. రోజుకొక అరగంట ఇంట్లో ఓనమాలు దిద్దించండి. ఆ పని ఏ న్యాయస్థానమూ మన బదులు చేయదు.