పన్నెండు మందిలో తొమ్మిది మంది చాలు!

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నదీ తీరాన, 18,000 ఎకరాల కారాగారం ఒకటి ఉన్నది. ఒకప్పుడది బానిసలు చాకిరీ చేసిన తోట. ఆఫ్రికా దేశమైన అంగోలా పేరే నేటికీ దానికి నిలిచిపోయింది. రాష్ట్ర జనాభాలో నల్లజాతివారు మూడింట ఒక వంతు; ఖైదీలలో మాత్రం సుమారు మూడింట రెండు వంతులు.

ఈ వ్యత్యాసానికి కారణాలు అనేకం. పేదరికానికీ, పోలీసుల పక్షపాతానికీ, దీర్ఘశిక్షలకూ ఇందులో పాలున్నది. కాని ఒక కారణం చట్టంలోనే లిఖితమై ఉండేది. నేరనిర్ణయంలో జ్యూరీ సభ్యులు 12 మందీ ఏకాభిప్రాయులై ఉండాలన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత నియమం. చట్టం ద్వారా నల్లవారిని జ్యూరీకి దూరం చేయరాదని సుప్రీంకోర్టు 1880లోనే శాసించింది. 1898లో రాజ్యాంగ రచనకు సమావేశమైన లూసియానా పెద్దలు దానికి విరుగుడు కనిపెట్టారు: 9 మంది ఒప్పుకుంటే చాలు! నల్లవారు ఒకరిద్దరు జ్యూరీలో కూర్చుంటే కూర్చోనీ. వారి అసమ్మతి చెల్లకపోతే సరి. శ్వేతజాతి ఆధిపత్యమే తమ ధ్యేయమన్న సంగతిని వారు దాచుకోనూ లేదు. 1970లలో ఆ 9 కాస్తా 10 అయింది. అంతే మార్పు.

2018లో ప్రజలు ఓటు వేసి ఈ నిబంధనను తొలగించారు. 2019 నుంచి జరిగిన నేరాలకే అది వర్తించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమన్నది. ఆ పద్ధతిలోనే శిక్షపడి, అప్పీళ్లు ముగిసి, జైళ్లలో మగ్గుతున్నవారి మాటేమిటి? పాత తీర్పులను తిరగదోడనక్కరలేదని 2021లో అదే కోర్టు చెప్పింది. ఇటువంటి చట్టమే ఉండిన మరొక రాష్ట్రం, ఆరెగన్, 2022లో తన పాత ఖైదీలకు తలుపు తెరిచింది. అదే సంవత్సరం లూసియానా సుప్రీంకోర్టు తెరవనన్నది.