సాఫ్టువేరు విషయమై సహాయమడుగు రీతి

కంప్యూటరునందు గాని ఫోనునందు గాని సాఫ్టువేరు చెడినపుడు, ముఖపరిచయము లేని వారిని సైతము ఇంటర్నెట్టు ద్వారా సహాయమడుగుట నేడు వాడుకయైనది. జవాబు వ్రాయువారిలో పెక్కురు జీతము పుచ్చుకొనువారు కారు. తమ తీరిక వేళను మనకిచ్చువారు. అట్టివారికి "నా ఫోను పనిచేయుట లేదు, ఉపాయము చెప్పుడు" అని మాత్రము వ్రాసినచో వారేమి చేయగలరు? వైద్యుడైనచో రోగి నాడి చూడవచ్చును. వీరికి మన యంత్రము కనబడనే కనబడదు.

ఎంతటి స్వల్పవివరమైనను ఎట్లు అవసరమగునో తెలియుటకు మన తెలుగు అక్షరమొకటి మంచి దృష్టాంతము. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను అక్షరము గల సందేశము అందినంతనే ఐఫోనులలో సందేశముల యాప్ మూతపడుచున్నదనియు, మరల తెరచినను నిలువదనియు లోకమంతట వార్త ప్రాకెను. కాని "జ్ఞానము" అను మాటను మామూలుగ టైపు చేసినచో ఏ యుపద్రవమును లేదు. (ఇచట అచ్చయినదియు నిరపాయమైనదే.) అసలు దోషము జకారము, పొల్లు, ఞకారము, వాని తరువాత కంటికి కనబడని గుర్తొకటి, ఆపై దీర్ఘము అను వరుసలో నుండెను. ఆ గుర్తునకు యూనికోడునందు 200సి అని సంఖ్య. అక్షరములు కలిసిపోకుండ ఆపుట దాని పని. "పాస్‌వర్డు" అని వ్రాయునపుడు వకారము ఒత్తుగ మారకుండ ఆపునదియు అదియే. దేవనాగరి, బెంగాలీ లిపులయందును ఇట్టి వరుసలే యాప్‌లను పడగొట్టునని తరువాత తేలెను. కావున తప్పు తెలుగు లిపిది కాదు. ఆ వరుసను తెరపై దిద్దు సాఫ్టువేరుది.

ఆ సందేశమును ఫోటో తీసి పంపిన యెడల ఆ గుర్తు దానిలో కనబడదు. చూచి మరల టైపు చేసినచో జారిపోవును. కాపీ చేసి పంపిననే నిలుచును. ఎర్రరు సందేశములకును ఇదియే న్యాయము: తెలుగులోనికి మార్చక, కుదింపక, ఉన్నది ఉన్నట్లు అక్షరరూపముననే పంపవలెను. అయితే ఆ దినములలో ఈ యక్షరమును కాపీ చేసి పంపినచో, సహాయపడువాని ఐఫోనునందును యాప్ మూతపడెడిది! అట్టి యెడల అయిదు సంకేతముల పేర్లను వరుసగ వ్రాసి పంపుట మర్యాద.

వెర్షను సంఖ్యను పూర్తిగ చెప్పవలెను. ఐఓఎస్ 11.2.5 నందు ఈ దోషము కలదు. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ విడుదల చేసిన 11.2.6 నందు అది సవరింపబడెను. "క్రొత్త వెర్షనే వాడుచున్నాను" అనుటవలన ఈ భేదము తెలియునా? ఏమి చేసితిమి, ఏమి జరుగునని తలచితిమి, ఏమి జరిగెను అను మూడును వేరువేరుగ వ్రాయుట మేలు. "వైరసు పట్టినది" అనునది మన యూహ; దానిని ఊహయనియే చెప్పవలెను.

వివరములన్నియు ఇమ్మన్నంత మాత్రమున పాస్‌వర్డు, ఓ.టి.పి., ఇతరుల పేర్లు, ఫోను నంబర్లు బయట పెట్టరాదు. వానిని తీసివేసిన చోట "ఇచట పాస్‌వర్డు తీసివేసితిని" అని వ్రాయవలెను. లేనిచో చదువువాడు ఆ ఖాళీనే దోషమని భ్రమపడును.

పని చక్కబడిన పిమ్మట "సరిపోయినది, వందనములు" అని ఊరకుండరాదు. ఏ ఉపాయమువలన, ఏ వెర్షనునందు చక్కబడెనో వ్రాయవలెను; అదే చిక్కుతో ఏడాదికి వచ్చు మరియొకడు ఆ పంక్తి కొరకే వెదకును.