కారులో గుయ్యిమనే సౌండ్: టైరా, వీల్ బేరింగా? మార్పించే ముందు మీరే తేల్చుకోండి

ఈరోజు ఎపిసోడ్ ఒక సౌండ్ గురించి. కారు 40 దాటగానే కింద నుంచి గుయ్యిమని మొదలవుతుంది. 80కి వెళ్లేసరికి పెద్ద హోరు. పాటల వాల్యూమ్ పెంచేస్తే వినపడదు. నేనూ రెండు నెలలు అదే చేశా.

నాన్న వాడిన పాత హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు నా దగ్గర ఉంది. షెడ్‌కి తీసుకెళ్తే టైర్లు అరిగాయి అన్నారు. ముందు రెండు టైర్లు మార్పించా, 9 వేలు అయింది. సౌండ్ అలాగే ఉంది. ఇంకో చోట చూపిస్తే బేరింగ్ అన్నారు. కరెక్టే, కానీ కుడివైపుది మార్చారు. పోయింది ఎడమవైపుది! ఒక్క సమస్యకి మూడుసార్లు డబ్బు కట్టానన్నమాట. నాతో సహా ఒక్కరు కూడా కారు నడిపి, జాగ్రత్తగా వినలేదు. ఎర్రర్ చదవకుండా కోడ్ మార్చేసే జూనియర్‌ని నేను ఆఫీసులో ఎంత తిట్టేవాడినో గుర్తొచ్చింది.

అసలు ఈ బేరింగ్ ఏంటంటే, చక్రం బిగించే హబ్‌కీ, దాన్ని మోసే నకిల్‌కీ మధ్య ఉండే గుండ్రటి ముక్క. లోపలొక రింగు, బయటొక రింగు, మధ్యలో స్టీల్ బాల్స్, గ్రీజు, రెండు వైపులా సీల్. గుంతలో గట్టిగా పడినా, వర్షాకాలం మోకాలి లోతు నీళ్లలో నడిపి సీల్‌లోంచి నీళ్లు లోపలికి వెళ్లినా బాల్స్ తిరిగే దారి గరుకవుతుంది. ఆ గరుకే మనకి వినపడే హోరు. ఒకసారి గరుకయ్యాక గ్రీజు పెడితే పోదు, మార్చాల్సిందే.

ఇప్పుడు టెస్ట్‌లు. ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ ఒక్కసారి క్లచ్ నొక్కండి. ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోతుంది. సౌండ్ కూడా దాంతో పాటు తగ్గిపోతే అది ఇంజిన్ వైపు సంగతి. బండి స్పీడ్‌తోనే నడుస్తుంటే చక్రాల దగ్గరిది.

తర్వాత రోడ్డు మారేచోట వినండి. సిమెంట్ రోడ్డు నుంచి తారు రోడ్డుకి వచ్చినప్పుడు టైర్ సౌండ్ బాగా మారుతుంది. బేరింగ్‌కి రోడ్డుతో పెద్దగా పని లేదు. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేయించండి. సౌండ్ కూడా చోటు మారితే అది టైరే. నేను ఆ 9 వేలకి ముందు చేయాల్సిన పని ఇది.

ఇక ఏ వైపు? ఇక్కడే అందరూ బోల్తా పడతారు. సౌండ్ కారు బాడీ అంతా పాకుతుంది, కూర్చున్న చోటు నుంచి చెవి చెప్పేది నమ్మలేం. అందుకే పొడవాటి వంపులో, మామూలు స్పీడ్‌లోనే వినాలి. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే అనుమానం కుడివైపు మీద. కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమవైపు. ట్రాఫిక్‌లో స్టీరింగ్ ఊపుతూ ఈ టెస్ట్ చేయొద్దు, ప్లీజ్.

చివరిది జాకీ టెస్ట్. సమతలంగా ఉన్న నేల మీద, మిగతా చక్రాలకి అడ్డం పెట్టి, జాకీతో పాటు స్టాండ్ కూడా పెట్టాలి. ఒక చేయి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఉంచి, రెండో చేత్తో చక్రం నెమ్మదిగా తిప్పండి. బాగున్నది నున్నగా తిరుగుతుంది, పోయినదైతే స్ప్రింగ్‌లో గరగర చేతికి తెలుస్తుంది. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. లూజు ఉంటే బేరింగో, బాల్ జాయింటో. పక్కలకి మాత్రమే ఊగితే స్టీరింగ్ రాడ్ వైపు చూడాలి. ఒక విషయం, లూజు లేనంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు. నాదాంట్లో లూజు అస్సలు లేదు, హోరు మాత్రం ఫుల్లు. ఫుల్‌గా స్టీరింగ్ తిప్పినప్పుడు టక్ టక్ అంటే అది వేరే జబ్బు, యాక్సిల్ జాయింట్.

మార్చడం విషయానికొస్తే, కొన్ని కార్లలో హబ్‌తో కలిపి బోల్టులతో బిగించే యూనిట్ వస్తుంది, అది తేలిక. నా కారులో లాంటిదైతే నకిల్‌లోకి ప్రెస్‌తో ఎక్కించాలి. దీన్ని ఇంట్లో ట్రై చేయకండి. చక్రం నేల మీద ఉండగానే యాక్సిల్ నట్ వదులు చేస్తారు, జాకీ ఎత్తి, కాలిపర్ విప్పి తీగతో వేలాడదీస్తారు. బ్రేక్ హోస్ మీద దాని బరువు పడకూడదు. నకిల్ బయటికి తీసి, హబ్, పాత బేరింగ్ ప్రెస్‌తో నెట్టేస్తారు.

కొత్తది ఎక్కించేటప్పుడు దగ్గరే నిలబడి చూడండి. నకిల్‌లోకి నెట్టేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి కింద సపోర్ట్ ఉండాలి. సుత్తితో బాదితే ఆ దెబ్బ బాల్స్ మీదుగా వెళ్లి దారిలో సొట్టలు పెడుతుంది. కొత్త బేరింగే, కొన్నాళ్లకే మళ్లీ అదే హోరు. అందుకే ప్రెస్ లేని షెడ్ అయితే నకిల్ విప్పించి లేత్ షాప్‌కి పట్టుకెళ్లండి. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్‌కి ఒకవైపు అయస్కాంతం ఉన్న సీల్ ఉంటుంది, అది సెన్సర్ వైపే ఉండాలి. తిరగేసి పెడితే డ్యాష్‌బోర్డ్ మీద ఏబీఎస్ లైట్ వెలుగుతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.

యాక్సిల్ నట్ కొత్తది వేయించండి. మీ కారు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. పూర్తిగా బిగించేదాకా బండిని దొర్లించొద్దు. నకిల్‌ని స్ట్రట్ నుంచి విప్పారు కాబట్టి వీల్ అలైన్‌మెంట్ కూడా చూపించుకోండి.

"సౌండే కదా, తర్వాత చూద్దాం" అనుకునేవాళ్లకి ఒక మాట. వదిలేస్తే లూజు పెరుగుతుంది, చక్రం ఊగుతుంది, బేరింగ్ బాగా వేడెక్కి పట్టేయొచ్చు కూడా. హోరుతో పాటు ఊపు, వేడి, కాలిన వాసన తోడైతే ఇక నడపొద్దు, టోయింగ్ పిలవండి.

నా పాత బేరింగ్ అడిగి తెచ్చుకున్నా. ఇదిగో, మైక్ దగ్గర పెట్టి తిప్పుతున్నా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఇది ఎడమవైపుది. ఇది అనవసరంగా మార్పించిన కుడివైపుది. తేడా తెలుస్తోందా?