దవడ విరిగినప్పుడు ఒక్క చిత్రము చాలునా?

ఏటేట విజయదశమి రాత్రి హొళగుంద మండలమందలి దేవరగట్టులో బన్ని ఉత్సవము జరుగును. ఆ కర్రల సమరములో గాయపడినవారిని ఆదోని, ఆలూరు ఆసుపత్రులకు తరలించుట మనమెల్లరము ఎరిగినదే. ఆదోని–ఎమ్మిగనూరు రహదారిపై మోటారు సైకిలు నుండి పడినవారికిని ముఖమునకే దెబ్బ తగులవచ్చును. నెత్తురు కారు తలను వెంటనే చూతుము, దవడను మరతుము. తెలుగులో దవడ యన్నను, ఉర్దూలో జబ్డా యన్నను ఎముక ఒక్కటే. అది విరిగినదో లేదో తెలిసికొను పద్ధతులు మాత్రము పెక్కు గలవు.

1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. ఆ కిరణములు తీయు చిత్రము వాస్తవమునకు ఒక నీడ. ఒక ఎముక నీడ వేరొక ఎముకపై పడినచో చీలిక మరుగుపడును. క్రింది దవడ గుర్రపు నాడా ఆకారము గలది. గడ్డమునకు తగిలిన దెబ్బ చెవి ముందరి కీలు వరకు ప్రాకి, రెండు చోట్ల విరుగుట తరచుగా జరుగును. కావున కనీసము రెండు దిక్కులనుండి చూడవలెను.

మొదటిది సాధారణ ఎక్స్-రే. ఎదుటినుండియు, ఏటవాలుగా ప్రక్కనుండియు తీయుదురు. ఖర్చు తక్కువ, కాని కీలు భాగము స్పష్టముగా కనబడదు.

రెండవది ఓ.పి.జి. ఫిన్లాండు దేశీయుడు పాటెరో దీనిని వృద్ధిచేసెను. యంత్రము తలచుట్టు తిరిగి దవడనంతయు ఒకే చిత్రముగా చూపును. అయితే రోగి కదలక నిలువవలెను. వెన్నెముక నీడవలన గడ్డము నడిమి భాగము మసకబారును.

మూడవది సి.టి. స్కాన్. 1971లో ఇంగ్లండునందు హౌన్స్‌ఫీల్డ్ యంత్రముతో మొదటి రోగికి పరీక్ష జరిగెను. 1979లో ఆయనకు కార్మాక్‌తోపాటు నోబెల్ బహుమతి లభించెను. ఇది ఎముకను పొరలు పొరలుగా చూపును. కీలు విరుగుటకు, పై దవడ గాయములకు ఇదియే మేలు. కాని వ్యయమును, కిరణముల మోతాదును ఎక్కువ.

కావున అందరికిని సి.టి. అవసరము లేదు, అందరికిని ఒక్క ఫిలిము చాలదు. పండ్లు మునుపటివలె కలియకున్నను, నోరు తెరువలేకున్నను, క్రింది పెదవి మొద్దుబారినను, మొదటి చిత్రములో ఏమియు కనబడలేదని ఊరకుండరాదు. వేరొక కోణమునుండి చూడవలెనా యని వైద్యుని వినయముగా అడుగవలెను. పిల్లలలో కీలు గాయము గుర్తింపబడనిచో కీలు బిగిసి నోరు తెరువరాకపోవచ్చును. దవడ ఎదుగుదలయు కుంటుపడవచ్చును. ఇంటిలో చదువుకొన్నవారు ఈ ఒక్క ప్రశ్న అడిగినను ఒక బిడ్డకు మేలు చేసినవారగుదురు.