డబ్బా మీద రాయని జబ్బుకు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, అంటే డాక్టర్లు పొట్టిగా ఎంఎస్ అనే జబ్బులో, ఒంటిని కాపాడవలసిన రక్షణ కణాలే మెదడు, వెన్నుపాముల్లోని నాడుల మీది మైలిన్ తొడుగును దెబ్బతీస్తాయి. కాళ్లు బిగుసుకుంటే బాక్లోఫెన్, నడక మందగిస్తే ఫాంప్రిడిన్, ఉన్నట్టుండి చూపు మసకబారితే కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇస్తారు. ఇవి బాధను తగ్గిస్తాయే గానీ తర్వాతి దాడిని, అంటే జబ్బు మళ్లీ విరుచుకుపడటాన్ని, ఆపవు. ఆపే మందులు వేరు. 1993లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్‌ఫెరాన్ బీటా-1బి వాటిలో మొదటిది. దాడులను సుమారు మూడో వంతు తగ్గించింది. ఆ తర్వాత చాలా వచ్చాయి. వాటిలో మన దేశపు రోగికి ముందుగా ఆలోచించదగినది, డబ్బా మీద ఎంఎస్ పేరే లేని రిటుక్సిమాబ్ అని నా వాదన.

రిటుక్సిమాబ్‌కు 1997లో అనుమతి వచ్చింది లింఫోమా అనే క్యాన్సర్‌కు. రక్షణ కణాల్లో ఒక రకమైన బి కణాల మీది సీడీ20 అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఆ కణాలను తుడిచిపెట్టడం దాని పని. ఎంఎస్‌లో అసలు దోషులు మరో రకమైన టి కణాలేనని చాలాకాలం గట్టి నమ్మకం. 2008లో వెలువడిన హెర్మీస్ పరీక్ష దాన్ని కదిలించింది: 104 మంది రోగుల్లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే రిటుక్సిమాబ్ తీసుకున్నవారి ఎంఆర్ఐలో చురుకైన మచ్చలు 91 శాతం తగ్గాయి. ఇందులో ఒక చిక్కు ఉంది. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు కాబట్టి మందు వాటి జోలికి పోదు. యాంటీబాడీలు పెద్దగా తగ్గకుండానే జబ్బు నెమ్మదించిందంటే, బి కణాల నేరం టి కణాలను ఎగదోయడంలోనే ఎక్కువ ఉందన్నమాట. ఇంత తేలాక కూడా, దాడులతో వచ్చే ఎంఎస్‌లో పెద్ద పరీక్షలకు తయారీ కంపెనీ ఎంచుకున్నది దీన్ని కాదు, దీనికి చెల్లెలి వరసైన ఆక్రెలిజుమాబ్‌ను. (పేటెంటు గడువు దగ్గరపడే మందు మీద పెట్టుబడి ఎవరు పెడతారు?) 2017లో అనుమతి దానికే దక్కింది.

అనుమతి లేని మందును ఎలా వాడతారన్నది మొదటి అభ్యంతరం. పరీక్షలో ఓడి అనుమతి రాకపోతే ఆ మాట చెల్లేది. దాడులతో వచ్చే ఎంఎస్‌కు అనుమతికి కావలసిన చివరి పరీక్షే కంపెనీ జరపలేదు. స్వీడన్ డాక్టర్లు ఎదురుచూడకుండా ఏళ్ల తరబడి వాడి, ఆ పరీక్ష తామే జరిపారు. 2022లో ఫలితం వచ్చింది: రెండేళ్లలో డైమిథైల్ ఫ్యూమరేట్ అనే మరో ఎంఎస్ మందు తీసుకున్నవారిలో 16 శాతం మందికి దాడులొస్తే, రిటుక్సిమాబ్‌తో 3 శాతానికే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంఎస్ కోసం అత్యవసర మందుల జాబితాలో చేర్చిన మూడింటిలో ఇదొకటి. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అదే ఏడు వచ్చిన రోగుల రిజిస్ట్రీల విశ్లేషణలో ఆక్రెలిజుమాబ్ వాడినవారికే దాడులు తక్కువ. కానీ అది రోగులను లాటరీ తీసి పంచిన పరీక్ష కాదు, రిటుక్సిమాబ్ మోతాదులు కూడా ఒక్కో చోట ఒక్కో తీరు. పైగా ఆక్రెలిజుమాబ్ ధర అందని మన దగ్గర చాలామందికి ఎంపిక ఈ రెంటి మధ్య ఉండదు. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్‌కు చవకైన బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, తెచ్చింది. ఇంకో సంగతి: ఎంఎస్‌ను పోలి ఉండి పొరబాటు చేయించే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బును ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ వంటి ఎంఎస్ మందులు ముదరబెట్టగలవు. రిటుక్సిమాబ్ రెండింటికీ పనిచేస్తుంది.

ప్రమాదం లేదని కాదు. బి కణాలు లేని ఒంటికి ఇన్‌ఫెక్షన్లు సులువుగా సోకుతాయి, టీకాలు సరిగా పట్టవు. దాగి ఉన్న హెపటైటిస్-బి తిరగబెట్టవచ్చు కనుక మొదటి డోసుకు ముందే ఆ రక్తపరీక్ష తప్పనిసరి. ఏళ్లు గడిచేకొద్దీ ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే యాంటీబాడీలు, తగ్గవచ్చు. అందుకే ఆరు నెలలకోసారి ఇచ్చే డోసును కొందరు డాక్టర్లు మెల్లగా దూరం జరుపుతున్నారు. ఇక దాడులు లేకుండా మొదటినుంచీ నెమ్మదిగా ముదిరే రకంలో రిటుక్సిమాబ్‌ను నిజంగానే పరీక్షించారు, అది నెగ్గలేదు. ఆ రకానికి నా వాదన వర్తించదు. అక్కడ అనుమతి ఉన్నది ఆక్రెలిజుమాబ్‌కే.